ఒరేయ్ జంగయ్యా!

"ఇయ్యాల నీ కుక్కన్న ఉండాలె, మేమన్న ఉండాలె!"

కట్టె పట్టుకొని పక్కింటి బాలమణి వాకిట్లోకి దూసుకొచ్చింది సువార్త. పొద్దున ఆ కుక్క ఆమె భర్త పిక్క కరిచింది. నాగర్‌కర్నూల్ దవాఖానలో సూది వేయించుకొచ్చి మంచమెక్కిన ఆయన, అప్పటి నుంచి ఆమె మీదే అరుస్తున్నాడు.

కుక్క పళ్లు బయటపెట్టి సువార్త మీదికి లేచింది.

"ఒరేయ్ జంగయ్యా! నోరు మూస్కొని కూసో!" గద్దించింది బాలమణి.

కుక్క కూర్చుంది. సువార్త చేతిలో కట్టె దిగిపోయింది. జంగయ్య అంటే నిరుడు చనిపోయిన బాలమణి భర్త.

"అక్కా... పెద్దాయన పేరు కుక్కకు పెట్టినవా?"

"పెట్టిన. గాయిన ఉన్నన్ని దినాలు నేను నోరు తెర్వలే. కూరల ఉప్పు తక్కువైతే పల్లెం ఇసిరికొట్టేటోడు. ఇప్పుడు రోజూ కడుపునిండ తిడుత. తిన్నది మంచిగ అరుగుతున్నది."

సువార్తకు నవ్వు ఆగలేదు.

"రేపటి సంది కట్టేసే ఉంచుత. కుక్కలు పట్టేటోళ్లకు పట్టియ్యకు సువార్తా, నీకు దండం పెడుత," బతిమాలింది బాలమణి.

సువార్త అటూ ఇటూ చూసింది. "అక్కా, నేను గూడ ఒక్కపారి తిట్టనా?"

"తిట్టు. పేరు నీ ఇష్టం."

పెళ్లయినప్పటి నుంచి పలకని పేరు. సువార్త గొంతు సవరించుకుంది.

"ఒరేయ్ దేవదానం! బుద్ధి లేదురా నీకు?"

కుక్క చెవులు వాల్చింది. గోడ అవతల మంచం కిర్రుమంది.

"ఏందే... నేనేం జేసిన?"

భర్త గొంతు అంత మెత్తగా ఉంటుందని సువార్తకు ఇన్నేళ్లూ తెలియదు.