అక్కర్లేని ప్రశ్నలు

“చిన్నప్పుడు ఉరుములంటే భయపడేవారా అమ్మా?” అన్నాడు రికార్డుల గుమాస్తా.

ఆమె దరఖాస్తు రసీదును కౌంటరు మీద తట్టింది.

“నేనడిగింది నా పుట్టుక వివరాలు. ఉరుముల సంగతి కాదు.”

“పనిలో ఉందమ్మా. వచ్చేవారం రండి. భయపడేవారా?”

“ఇప్పుడూ పడతాను. అయితే?”

“ఇప్పుడూ పడతారు,” అని ఆయన తనలో తానే చెప్పుకున్నాడు, పాఠం బట్టీ పట్టే పిల్లాడిలా.

ఎక్కడా రాసుకోలేదు.

బస్సుల్లో టికెట్లు తనిఖీ చేయడం ఆమె ఉద్యోగం. టికెట్ ఉన్నవాడు చేయి చాపి చూపించి ఊరుకుంటాడు. లేనివాడే ఎండల గురించీ, రోడ్ల గురించీ, ఆమె ఆరోగ్యం గురించీ కబుర్లు మొదలుపెడతాడు.

ఈయన దగ్గర టికెట్ లేదు, అనుకుందామె.

అసలు మనుషుల మీద ఆమెకు నమ్మకం పోయి ఎంతో కాలం కాలేదు. ఇల్లు అమ్మే విషయంలో మాటా మాటా పెరిగి, మేనత్త నోరు జారింది.

“పెంచుకున్న పిల్లవి, నీకెందుకే ఇవన్నీ?”

ఆమె నవ్వేసి అమ్మ వైపు చూసింది. అమ్మ నవ్వలేదు. కొంగు అంచును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది.

పెంచిన తల్లే ఇన్నేళ్ళు దాచినప్పుడు, ముక్కూ మొహం తెలియని గుమాస్తా నిజం చెబుతాడా?

దత్తత కార్యాలయం గోడ మీద బోర్డు ఉంది. కన్నతల్లి సమ్మతి లేనిదే ఏ వివరాలూ ఇవ్వబడవు.

“ఆవిడ బతికి ఉందా? అదైనా చెప్పండి,” అంది ఆ మరుసటి వారం.

“సమ్మతి వచ్చేదాకా అదీ చెప్పకూడదమ్మా. మీకు పులుపంటే ఇష్టమా?”

ఆ సాయంత్రం భర్త పగలబడి నవ్వాడు.

“నీ చూపుకి మనింటి పిల్లి కూడా టికెట్ తీసుకుని తిరుగుతోంది. లంచం కోసం తిప్పుకుంటున్నాడు, అంతే. ఎంతో కొంత పడేయ్.”

ఈసారి ఆమె ఒక కవరు కౌంటరు మీదుగా జరిపింది.

ఆయన దాన్ని చూడనైనా చూడకుండా వెనక్కి జరిపాడు.

ఆమెకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. డబ్బు కాకపోతే, ఈ మనిషికి నా దగ్గర ఏం కావాలి?

“మీ జుట్టు పుట్టుకతోనే రింగులా?” అన్నాడాయన.

ఆ రాత్రి ఆమె అద్దం ముందు నిలబడి జుట్టంతా లాగి ముడి వేసుకుంది. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా తలకు గుడ్డ కట్టుకునే వెళ్ళింది.

చివరిసారి వెళ్ళినప్పుడు ఆయన కొత్త చొక్కాలో ఉన్నాడు. ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. కళ్ళలో ఏదో మెరుపు.

అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఈ ఆదివారం మీరు ఇంట్లో ఉంటారా?”

ఆమె తిన్నగా అధికారి గదిలోకి నడిచింది.

అధికారి ఆయన్ని పిలిపించాడు.

“ఈవిడని ఇలాంటివన్నీ అడిగారా?”

“అడిగానండి.”

“ఎందుకు?”

ఆయన ఆమె వైపు చూశాడు. నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

టికెట్ లేనివాళ్ళందరూ చివరికి అలాగే నిలబడతారు, అనుకుందామె.

తర్వాతి వారం ఆ కుర్చీలో ఒక యువకుడు ఉన్నాడు. కంప్యూటర్ మీద వేళ్ళు టకటకలాడించాడు.

“మీ పని అయిపోయింది మేడమ్.”

చూశావా, నిజాయితీపరుడు ఉంటే ఎంతసేపు, అనుకుంటూ ఆమె కాగితం అందుకుంది.

కన్నతల్లి సమ్మతి నిరాకరించినందున ఫైలు శాశ్వతంగా మూసివేయబడినది.

అక్షరాలు కాసేపు అలుక్కుపోయాయి.

“ఎప్పుడు... ఎప్పుడు కాదన్నారు?”

“మొదట్లోనే మేడమ్. వద్దని సంతకం చేసిచ్చారు. దాని మీద ముద్ర పడితే ఇక ఎవరూ తెరవలేరు. ఆ పెద్దాయన ముద్ర వేయకుండా సొరుగులో దాచాడు. నేను రాగానే పెండింగ్ అంతా క్లియర్ చేసేశాను.”

వరండాలో టీ గ్లాసులు కడుగుతున్న ఆయా దగ్గర ఆమె ఆగిపోయింది.

“పాత గుమాస్తాగారు ఎక్కడుంటారు?”

“గది ఖాళీ చేసి వెళ్ళిపోయారమ్మా. ఎక్కడికో ఎవరికీ తెలీదు. ఆడమనిషి ఫిర్యాదు కదా, ఆ వయసులో నలుగురికీ మొహం ఎలా చూపిస్తారు?”

“ఆ కాగితం ఎందుకు దాచారో...”

ఆయా చేతులు తుడుచుకుంది.

“రూలు కాదు గనక నేనూ ఇన్నాళ్ళూ నోరు మెదపలేదు. సెలవు రోజుల్లో మిమ్మల్ని కన్నావిడ ఇంటికి వెళ్ళేవారమ్మా. మొదట తలుపే తీయలేదట. తర్వాత కిటికీలోంచి మంచినీళ్ళిచ్చిందట. ఆ తర్వాత లోపల కూర్చోబెట్టిందట. టీ తాగుతూ నాకు చెప్పి ఎంత మురిసిపోయేవారో!”

“ఆవిడ ఇల్లెక్కడ?”

“అది ఆయనకే తెలుసు.”



“కూర్చోబెట్టి... ఏం చెప్పేదట?”

“చెప్పడమెక్కడిదమ్మా, ఒకటే అడగడం! ఉరుములకి భయపడుతుందా, పులుపు తింటుందా, నా జుట్టే వచ్చిందా అని... పోయినసారి, ఆదివారం మీరు ఇంట్లో ఉంటే తనే వస్తానంది, అడిగి రమ్మందట.”