రెండో చరణం దగ్గర

పాస్టర్ గారు మళ్లీ జారారు.

రెండో చరణంలో, గొంతు పైకి లేవాల్సిన చోట, ఎప్పుడూ జారే చోటే. హార్మోనియం ముందు కూర్చున్న ఆయన చెల్లెలు పళ్లు బిగబట్టి మెట్లు గట్టిగా నొక్కింది. మందిరంలో పిల్లాపెద్దా ఆవిడని హార్మోనియం అత్తయ్య అంటారు. అన్నయ్య అపస్వరాన్ని హార్మోనియం మోత కింద కప్పెయ్యడమే ఈమధ్య ఆవిడ చేస్తున్న పరిచర్య.

ఈలోగా ముందు వరస ఆడవాళ్లు పాట అందుకున్నారు. పాస్టర్ గారి పరువు నేలపాలు కాకూడదని ఒకరిని మించి ఒకరు గొంతెత్తారు. వెనక గోడకి జారబడి కునికే కంపౌండరు కూడా లేచి నిలబడి, తలుపులు అదిరేలా పాడాడు. మొత్తానికి పాట గట్టెక్కింది.

ఆరాధన ముగిశాక సంఘం సెక్రటరీ హార్మోనియం అత్తయ్య దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా, వచ్చే ఆదివారం మన మందిరం వార్షికోత్సవం. బయటి సంఘాల వాళ్లంతా వస్తారు. అయ్యగారి పాటలు వింటూ పెరిగినవాళ్లు. వాళ్ల ముందు కూడా ఇలాగే పాడితే..."

"నన్నేం చెయ్యమంటారు?"

"పాట మానేసి వాక్యం మాత్రం చెప్పమనండి."

"ఆ ముక్క మీరే చెప్పొచ్చుగా?"

"అమ్మో! నా పెళ్లి చేసిందే ఆయన."

"పెళ్లికీ దీనికీ ఏంటండీ సంబంధం?"

"పెళ్లిలో పాడింది కూడా ఆయనే కదమ్మా. మా ఆవిడ నన్ను చూసి ఒప్పుకుందో, ఆ పాట విని ఒప్పుకుందో ఇప్పటికీ తేలలేదు. నేనెళ్లి పాట ఆపమన్నానని తెలిస్తే నాకు ఇంట్లో తిండి పుట్టదు."

పిల్లి మెడలో గంట కట్టే పని ఆవిడ నెత్తినే పడింది.

ఆ గొంతు ఎలాంటిదో ఆవిడకి ఒకరు చెప్పాలా! మొదటి క్యాసెట్టుకి హార్మోనియం వాయించింది తనే. ఆ క్యాసెట్టు అరగదీయని ఇల్లు లేదు. ఆయన పాట ఉందంటే చాలు, మైదానాలు కిక్కిరిసిపోయేవి. పాస్టరై ఈ మందిరం బాధ్యత తీసుకున్నాక కూడా జనం వచ్చింది పాట కోసమే. ఆయన పాడుతుంటే చేతులు కట్టుకుని, కళ్లు మూసుకుని వినేవాళ్లు. ఒక్కరూ పెదవి కదిపేవారు కాదు. "నోళ్లు తెరవండర్రా! మీకు కాపరిగా వచ్చాను గానీ కచేరీకి రాలేదు" అని ఆయన మొత్తుకునేవారు. ఆ మొత్తుకోవడం కూడా శ్రావ్యంగానే ఉండేది కాబట్టి, అదీ విని తలలూపి మళ్లీ కళ్లు మూసుకునేవాళ్లు.

నిరుడు గొంతుకి జబ్బు చేసింది. డాక్టరు కొన్నాళ్లు మౌనంగా ఉండమన్నాడు. మౌనం ముగిసి మళ్లీ పాట మొదలెట్టిన నాటి నుంచీ ఇదే వరస. మా అన్నయ్య అపస్వరం కూడా తాళం తప్పకుండా తీస్తాడు అని ఆవిడ తనలో తనే నవ్వుకునేది. ఆ వెంటనే కళ్లు తుడుచుకునేది.

సాయంత్రం మబ్బు పట్టి ఉంటే గొడుగు చేతపట్టుకుని అన్నయ్య ఇంటికెళ్లింది. వదిన ముందు గదిలో బట్టలు మడతపెడుతోంది.

"ఇంట్లో కూడా పాడుతున్నాడా వదినా?"

"మీ అన్నాచెల్లెళ్ల సంగీతంలోకి నన్ను లాగకమ్మా," అంది వదిన. మడతపెట్టిన తువ్వాలునే విప్పి మళ్లీ మడతపెట్టింది.

పాస్టర్ గారు లోపల్నుంచి వచ్చారు. "ఏమే, మొహం అలా వేలాడేశావు? హార్మోనియం పాడైందా?"

"హార్మోనియం బాగానే ఉంది."

"అయితే పాడైంది నా గొంతన్నమాట!"

ఆవిడ ఇక దాచి లాభం లేదని గబగబా అనేసింది.

"వచ్చే ఆదివారం నువ్వు పాడొద్దన్నయ్యా. నిన్ను చూసి నలుగురూ నవ్వితే నేను తట్టుకోలేను."

"నేను మానేస్తే ఎవరు పాడతారు?"

"ఇప్పుడు మాత్రం ఎవరు పాడుతున్నారు? నువ్వు రెండో చరణంలో కాడి పడేస్తే వాళ్లేగా మోస్తున్నారు!"

"అందరూనా?"

"అందరూ."

"కంపౌండరు కూడానా?"

"అందరికంటే గట్టిగా."

"నేను పక్కకి తప్పుకున్నా పాడతారంటావా?"

"నువ్వు తప్పుకుంటే ఇంకా బాగా పాడతారు," అనేసి నాలిక కరుచుకుంది.

ఆయన హాయిగా నవ్వారు. "సరే, మానేస్తాను. వచ్చే ఆదివారం మీరే పాడండి. నేను కంపౌండరు పక్కన కూర్చుని వింటాను." తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్లిపోయారు.

కోప్పడి ఉంటే బాగుండేది. నాలుగు తిట్టినా పడేది. బతుకంతా పాటే అయిన మనిషి చేత ఒక్క మాటతో పాట మాన్పించానే అని ఆవిడకి దుఃఖం పొంగుకొచ్చింది. వదినకి చెప్పకుండానే వీధిలోకి నడిచింది.

మలుపు దాకా వెళ్లాక చినుకులు మొదలయ్యాయి. అప్పుడు గుర్తొచ్చింది గొడుగు.

వెనక్కి వచ్చేసరికి ముందు గదిలో ఎవరూ లేరు. గొడుగు తీసుకుని తిరగబోతుంటే స్నానాలగది వైపు నుంచి నీళ్ల చప్పుడుతో పాటు పాట వినిపించింది. మొదటి క్యాసెట్టులో మొదటి పాట.

"అబ్బ, మెల్లగా! వీధిలో వాళ్లు వింటారు," అని వదిన తలుపు తడుతోంది. పాపం, వదినకి కూడా ఎంత నామర్దాగా ఉందో అనుకుందావిడ.

రెండో చరణం వచ్చింది. అపస్వరాన్ని కప్పడానికి ఆవిడ వేళ్లు అలవాటుగా గొడుగు పిడి మీద మెట్లు వెతుక్కున్నాయి.

గొంతు వెంట్రుకవాసి కూడా జారలేదు.