ఎడమ కాలికి పని లేని బండి

“ఆటోమేటిక్ వద్దు సార్. టర్బో తోపుకి ఆ గేరుబాక్సు తట్టుకోదు. కొండ దిగేటప్పుడు ఇంజను బండిని నిలబట్టుకోదు. గేర్లు మీ చేతిలో ఉండాల,” అన్నాడు మెకానిక్ బుడేన్ సాహెబ్.

పాత కారు ఇంజనుకి మద్రాసు తుక్కులో దొరికిన టర్బో బిగించుకుని, మా ఆయన ఏడాదిగా ఈ చిత్తూరు షెడ్డులోనే కాపురం. ఇప్పుడు రెండు గేరుబాక్సులు నేల మీద ఉన్నాయి: ఒకటి ఆటోమేటిక్, ఇంకోటి చేత్తో గేర్లు మార్చేది. ఒకటి ఎంచుకోవాలి.

“క్లచ్ తొక్కే పనే ఉండదు గదప్పా! నేను సోమరిపోతుని, నాకదే ఇయ్యి,” అని నవ్వాడాయన.

మేము ఆ బండిలో ఎక్కి దిగాల్సిన తిరుమల కొండ మలుపులు నా కళ్ల ముందు మెదిలాయి. “సాహెబ్ మాట వినండి. ఆ బండి నేనూ ఎక్కాలి కదా!”

“భయమైతే బస్సులో రా, పో,” అంటూ ఆయన వెనక్కి జరిగి, పాత చెక్క మీద ఎడమ కాలు వేశాడు. మళ్లీ అడుగు తీస్తే, చెప్పుతో పాటు చెక్క కూడా లేచింది.

చెక్కలోని మేకు చెప్పులోంచి పాదంలోకి దిగింది. నెత్తురు బొట్లు పడుతున్నాయి. ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

“సార్, కాలు!” అన్నాడు బుడేన్ సాహెబ్.

ఆయన కిందికి చూసుకున్నాడు. నవ్వు ఆరిపోయింది.

“ఎన్నాళ్లయింది?” అన్నాను.

“ఉగాది నుంచి. మోకాలి కింద ఏమీ తెలీడం లేదు. చెప్తే నన్ను బండి తోలనియ్యవని...”

చెక్క పట్టుకుని ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయాను. క్లచ్ లేకపోతే ఎడమ కాలికి పనుండదు, సరే. బ్రేకు తొక్కేది కుడి కాలితో.

“మరి ఇది?” అని కుడి పిక్కని గట్టిగా గిల్లాను.

“ఏది?” అన్నాడాయన, ముఖం అటు తిప్పుకునే.