లాక్ తీసిన ఫోన్

"ఫోన్‌కి లాక్ తీసేశారేంటి?" భుజాన్నుంచి బ్యాగు దించకుండానే అడిగింది భార్య.

"అప్పుడే తెలిసిపోయిందా?" అన్నాడు భర్త.

తెలియకేం. ఆమె బ్యాంకు యాప్‌కి కోడ్ రాస్తుంది. ఫోన్ భద్రతలో ఏ తేడా వచ్చినా సిస్టమ్ పంపే కబురు అందుకుని, ఫోన్ సొంతదారునీ తననూ హెచ్చరించే కోడ్ అది. పరీక్షించడానికి అతని ఫోన్‌లోనే వేసింది.

"ఎవరి కోసం తీశారు?"

"నీ కోసమే. నిన్న నేను స్నానం చేస్తుంటే ఎవరో తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టారట. అదీ నీ కోడే చెప్పింది. మర్చిపోయినట్టున్నావు."

అతను ఫోన్ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"చూసుకో."

మెసేజ్‌లన్నీ చూసింది. అనుమానించడానికి ఒక్కటీ దొరకలేదు.

"అన్నీ ఎప్పుడు చెరిపేశారు?" అన్న మాట నోటిదాకా వచ్చింది.

అప్పుడు ఆమెకు తనంటే తనకే భయమేసింది.