నల్ల కళ్ళద్దాలు

"రెప్ప వేయొద్దంటే వినవేమప్పా ఓబుళేశూ! మళ్ళీ మొదటినుంచి చేయాల."

పరీక్షలు చేసే మన్సూర్ మంచం వెనక నిలబడి పట్టీని ఇంకాస్త బిగించాడు. మంచం మీద కూర్చున్నతని ముఖం సగం ఆ పెద్ద నల్ల కళ్ళద్దాల్లో ఇరుక్కుపోయింది. వాటి లోపల కెమెరాలున్నాయి. పక్కనున్న తెరమీద రెండు కళ్ళూ దోసకాయలంత లావున కనబడుతున్నాయి. నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడొచ్చు గానీ, ఆ తెరమీద కళ్ళు దాక్కోవడానికి జాగా ఎక్కడుంది?

"ఊపిరాడల్యా సార్."

"పెట్టింది కళ్ళకప్పా, ముక్కుకు కాదు!"

కర్నూలులో ఓ ప్రైవేటు ఆసుపత్రి గది అది. వెలుతురు రాకుండా కిటికీలు కూడా మూసేశారు. మూలనున్న స్టూలు మీద నాగజ్యోతి కొంగు నలుపుతూ కూర్చుంది.

"తల తిరిగేది ఎన్నాళ్ళనుంచి?"

"తిరగదు సార్. బాగుండా."

"మరి డిపోవాళ్ళు ఊరికే పంపినారా?"

"బస్సు గేటుకు తగిలిందంట..."

"తగిలిందంటనా? నడిపింది నువ్వా, మీ తాతా?"

"నేనే సార్, నేనే!"

నాగజ్యోతి అందుకుంది. "ఎండకు ఒగసారి కళ్ళు తిరిగింటాయి సార్, అంతే. షుగర్ లేదు, బీపీ లేదు. బాగుండాడని కాగితం రాసిస్తే చాలు. లేకుంటే స్టీరింగ్ ముట్టనీరంట. పిల్లోళ్ళు చదువుకుంటాండారు. ఇల్లు గడిచేది దాంతోనే."

"జవాబులన్నీ నీవేనా తల్లీ! ఇంట్లో స్టీరింగ్ నీ చేతిలోనే ఉన్నట్టుండాదే," అని మన్సూర్ నవ్వాడు. వాళ్ళిద్దరూ నవ్వలేదు. "సరే, ఇప్పుడు పక్కకు పడుకోబెడతా. జారిపోతాడేమో, వచ్చి చేయి పట్టుకోమ్మా."

ఆమె వచ్చి చొక్కా అంచు పట్టుకుంది.

"సిగ్గెందుకమ్మా, గట్టిగా పట్టుకో."

చొక్కానే ఇంకొంచెం గట్టిగా పట్టుకుంది.

మన్సూర్ అద్దాలకు మూత బిగించాడు. మంచం మీదున్నతనికి లోకమంతా కటిక చీకటైపోయింది. బావిలో పడ్డట్టు భయం వేసింది.

"మనసు నిద్రపోకూడదప్పా. ఏదో ఒకటి చెప్తానే ఉండాల. కడపకు పోయే దారిలో నీ బస్సు ఆగే ఊర్లు చెప్పు."

"ఓర్వకల్లు... పాణ్యం... నంద్యాల..." అక్కడ ఆగిపోయాడు.

"రోజూ పోయే దారే కదప్పా!"

"ఆళ్ళగడ్డ, చాగలమర్రి, మైదుకూరు," నాగజ్యోతి గబగబా అందించింది.

"నువ్వు చెప్పకమ్మా," అంటూ మన్సూర్ తెర వైపు చూశాడు. మళ్ళీ చూశాడు. నవ్వు మానేసి డాక్టరును పిలుచుకొచ్చాడు.

డాక్టర్ మెహనాజ్ చాలాసేపు తెర ముందు నిలబడింది. కళ్ళు రెండూ మెల్లగా పైకి జారుతున్నాయి, ఉన్నట్టుండి కిందికి దూకుతున్నాయి.

"ఓబుళేశూ, అన్నం తినేటప్పుడు చెయ్యి వణుకుతోందా? నడిస్తే తూలుతున్నావా?"

"కొంచెం," అన్నాడు చివరికి.

నాగజ్యోతి ఉలిక్కిపడింది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"ఇది మామూలుగా తల తిప్పే చెవి గొడవ కాదు. తల వెనక భాగంలో మెదడు మీద ఏదో ఒత్తుతున్నట్టుంది. ఈరోజే స్కానింగ్ తీయాలి. ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఇక బస్సు సంగతి మరిచిపోండి," అంది డాక్టర్.

అతను అద్దాలు లాగిపారేసి లేచాడు. "ఏం లేదు మేడం. పొద్దున్నుంచి ఏం తినలే. కాగితం రాసియ్యండి, పోతాం."

"నేను రాయను."

"అయితే ఇంకో తావ రాయించుకుంటాం. పోదాం పా." గోడ పట్టుకుని తలుపు వైపు నడిచాడు.

నాగజ్యోతి అతని వెంట రెండడుగులు వేసి ఆగింది. వద్దు మొర్రో అంటున్న మనిషిని బతిమాలి ఇక్కడికి తెచ్చింది తనే. ఇప్పుడు నోరు మూసుకుని వెళ్ళిపోతే కాగితం ఇంకెక్కడో దొరుకుతుంది, ఇల్లు నిలబడుతుంది. మరి ఈ మనిషి? ఛీ, ఏం బతుకిది అనిపించింది. ఏడుస్తూ పోయి తలుపుకు అడ్డం నిలబడింది.

"అడ్డం లే," అన్నాడతను గొంతు తగ్గించి. "నాకేం కాదులే."

డాక్టర్ కలం తీసింది. "ఓబుళేశు పేరుతో స్కానింగ్ రాస్తున్నానమ్మా. ఒప్పించే పూచీ నీది."

నాగజ్యోతి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఓబుళేశు ఇంటికాడుండాడు మేడం, ఆయన బదులు తెచ్చిన ఈయన మా మరిది."