పూచీ పిస్తోలు

ఢాం! ఢాం! ఢాం!

దుకాణం వెనక మట్టిదిబ్బ మీద దుమ్ము లేచింది. ముక్బిల్ అరచేతిలో ఇమిడిపోయిన బుల్లి పిస్తోలు వెండిలా తళతళలాడుతోంది.

"చూశావా, ఎంత హాయిగా పేలిందో!" అన్నాడు దుకాణదారు కాయిద్. "నాలుగు వేల సౌదీ రియాళ్లు. నీ మొహం చూసి చెప్పిన ధర."

"నా మొహం అంత ఖరీదా? మూడు వేలు!"

ముక్బిల్ తమ్ముడు నడిపిన బండి గుద్ది, పక్క తెగ యువకుడి కాళ్లు రెండూ విరిగాయి. సాయంత్రం ఆ యువకుడి తండ్రికి పిస్తోలు పూచీగా ఇచ్చి, తీర్పు మీదేనని తలవంచాలి. నాసిరకం ఆయుధం ఇస్తే అవమానించినట్టే. రాజీ చెడిందా, తమ్ముడి ప్రాణానికి భరోసా లేదు.

గుమ్మంలో కూర్చున్న ముసలాయన వంగి, ఖాళీ తూటా ఒకటి ఏరాడు.

"అబ్బాయ్, ఇది తీసుకోకు. తూటా పొట్ట ఎలా ఉబ్బిందో చూడు. గొట్టం లోపల అరిగిపోయింది. పైన పూత ఒక్కటే కొత్తది. వెయ్యి కూడా ఎక్కువే."

"హాజీ! నీ ఖాత్ ఆకు నువ్వు నములుకో, నా బేరం నమలకు," అని కసిరాడు కాయిద్.

ముక్బిల్ సందేహంలో పడ్డాడు. "మరి ఏది కొనమంటారు?"

ముసలాయన నడుము నుంచి తన పిస్తోలు తీశాడు. అంచుల్లో నలుపు వెలిసిపోయింది.

"ఇది ఏనాడూ మొరాయించలేదు. రెండు వేలకిస్తాను. అమ్ముదామనే వచ్చాను."

ముక్బిల్ పకపకా నవ్వాడు. "అదీ సంగతి! మీది అంటగట్టడానికా దీనికి వంకలు పెట్టారు?"

కాయిద్ తొడ చరిచాడు. "అలా అడుగు!"

"పెద్దల ముందు పెట్టాలి హాజీ, మెరవొద్దూ? ఈ ముసలిదాన్ని మీరే కాపురానికి ఉంచుకోండి."

ముసలాయన కూడా చిన్నగా నవ్వి లేచి వెళ్లిపోయాడు. మూడున్నర వేలకు బేరం తెగింది.

సాయంత్రం రెండు తెగల వాళ్లూ ఎదురెదురుగా నిలబడ్డారు. ముక్బిల్ పిస్తోలును రెండు చేతుల మీదా పెట్టుకుని, గర్వంగా ముందుకు నడిచాడు.

"పరీక్షించందే పూచీ ఒప్పుకోం," అంటూ అవతలి పెద్దమనిషి ఒకాయన దాన్ని అందుకున్నాడు. ఆకాశానికి గురిపెట్టి నొక్కాడు.

టక్.

మళ్లీ నొక్కాడు.

టక్.

"మా బిడ్డ కాళ్లకు ఈ బొమ్మా వెల?" అవతలివైపు నుంచి ఎవరో అరిచారు. చేతులు తుపాకుల మీదికి పోయాయి.

"ఆగండి!"

యువకుడి తండ్రి గుంపును తోసుకుంటూ వచ్చి, పిస్తోలు తీసుకుని నడుములో దోపుకున్నాడు. ఆయన మొహం చూసి ముక్బిల్ కొయ్యబారిపోయాడు.

"పూచీ ఒప్పుకున్నాను," అన్నాడాయన. "పొద్దున మావాడి ఆసుపత్రి ఖర్చుకు నా పిస్తోలు అమ్ముదామని వెళ్లినప్పుడు, ఇది చక్కగా పేలడం కళ్లారా చూశాను."