విందులో పోయిన దుంప

కంటకి అనే ముళ్లపంది నాలుగేళ్లుగా కొండవాలులో రకరకాల దుంపలు నాటి, ఏది ఎండకు తట్టుకుంటుందో చూస్తోంది. దాని తిండి ఏనుగురాజు ధాన్యపు కొట్టు నుంచి వచ్చేది.

వానలు బాగా కురిసిన ఏడు మంత్రి ఎలుగుబంటి, "దీనివల్ల మనకు ఒరిగిందేమిటి ప్రభూ?" అన్నది. రాజు కంటకికి తిండి ఆపించాడు. మడిలోని దుంపలన్నీ తవ్వించి విందు చేశాడు. కంటకి మేత వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

మరుసటి ఏడు చినుకు పడలేదు. రాజే కంటకిని వెతుక్కుంటూ వచ్చాడు.

"ఎండకు నిలిచే దుంప ఏదో తెలిసిందా అమ్మా?"

"తెలిసింది ప్రభూ. నిరుడు విందులో మీరు తిన్నారు."

రాజు తల దించుకున్నాడు. కంటకికి జాలేసింది.

"పదండి, వేరుముక్క ఏదైనా మిగిలిందేమో చూద్దాం. దొరికితే మళ్లీ నాటుతాను. అందరికీ సరిపడా కావాలంటే నాలుగేళ్లు ఓపిక పట్టాలి మరి" అంది.